పోపులపెట్టెలో నిశ్శబ్దం

ముత్యాలరేవు పురపాలక సంఘం కమిషనర్ త్రివిక్రమరావు గారు సభాభవనంలో "సోదర సోదరీమణులారా" అనబోయి "సోద" దగ్గర ఉండగా మైకు పలకలేదు. ఎలక్ట్రీషియన్ వీర్రాజు పరుగున వచ్చి, మైకుకీ ఆంప్లిఫయర్‌కీ మధ్య ఉండే చిన్న పెట్టె స్విచ్ వేశాడు. స్పీకర్లు ధబ్బుమన్నాయి. కొందరు పిడుగు పడిందనుకున్నారు. కొందరు గోడ కూలిందనుకున్నారు. కమిషనర్ గారు మాత్రం ఏమీ అనుకోకుండా నేరుగా బల్ల కిందికి వెళ్ళిపోయారు. మర్నాడు ఒక స్థానిక పత్రికలో బల్ల ఫోటో పడింది. బల్ల కింద నుంచి కమిషనర్ గారి బూటు ఒకటి కనబడుతోంది.

శబ్దోపద్రవ విచారణ సంఘం ఏర్పడింది. ఇంజనీరు, ఆరోగ్యాధికారి, పట్టణ ప్రణాళికాధికారి సభ్యులు. వారు సభాభవనాన్ని సందర్శించి, స్పీకర్ల ముందు నిలబడి ఫోటోలు దిగి, "సదరు శబ్దము ఆకస్మికముగా సంభవించుట వలన ఆకస్మికత ఏర్పడినది" అని ప్రాథమిక నివేదిక సమర్పించారు. అసలు కారణం ఎవరికీ తెలియలేదు. తెలిసినవాడు జనరల్ సెక్షన్ సూపరింటెండెంట్ పేరూరి వ్యాఘ్రేశ్వరుడు. ఆయన్ని ఎవరూ అడగలేదు కనుక ఆయనే వెళ్ళి చెప్పాడు. ఆ తరవాత జరిగిన సమస్తానికీ అదే మూలం.

వ్యాఘ్రేశ్వరుడికి ప్రీయాంప్‌లు చేయడం సరదా. మైకు నుంచో, గ్రామఫోన్ రికార్డు నుంచో వచ్చే పీలగొంతుకు కాస్త బలం చేకూర్చి పెద్ద ఆంప్లిఫయర్‌కి అప్పగించే పెట్టెను ప్రీయాంప్ అంటారు. ఆఫీసు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటాడు. భార్య హైమవతి బాలికల పాఠశాలలో లెక్కల టీచరు. ఆవిడ ఉత్తరపు గదిలో జవాబు పత్రాలు దిద్దుకుంటుంటే ఈయన దక్షిణపు గదిలో పాత నాదస్వరం రికార్డులు పెట్టి, ఏ కెపాసిటర్‌తో సన్నాయి తియ్యగా పలుకుతుందో చూసుకుంటూ ఉంటాడు. ఇద్దరిదీ తప్పులు వెతికే పనే కనుక సంసారం సజావుగా సాగుతోంది.

"ఇందులో ఉపద్రవం ఏమీ లేదండి," అన్నాడు వ్యాఘ్రేశ్వరుడు కమిషనర్ గారి ఎదుట నిలబడి. "స్విచ్ వేయగానే ప్రీయాంప్ లోపల కరెంటు కుదురుకోవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ గడబిడనంతా పెద్ద ఆంప్లిఫయర్ ఇంకా పెద్దది చేసి స్పీకర్ నెత్తిన వేస్తుంది. అదే ఆ ధబ్."

"నివారణోపాయం?"

"రిలే పెట్టాలండి. అదొక చిన్న కాపలాదారు. లోపల సర్దుకునేదాకా శబ్దాన్ని బయటికి పోనివ్వకుండా భూమిలోకి దింపేస్తుంది. సర్దుకోగానే టక్కుమని దారి వదులుతుంది. ఇంకో సుగుణం ఏమిటంటే, పవర్ పోయిందనుకోండి, దానంతట అదే మూసేసుకుంటుంది."

కమిషనర్ గారు కుర్చీలో ముందుకు జరిగారు. "అనగా పవర్ లేనప్పుడు నోరు తెరవదు."

"తెరవదండి."

"ఎంత ఉదాత్తమైన సూత్రమయ్యా. ఇది పరికరాలకు మాత్రమే పరిమితం కావడం శోచనీయం."

ఆదివారమంతా కూర్చుని వ్యాఘ్రేశ్వరుడు ఆ పెట్టె తయారు చేశాడు. చేతికి డబ్బా దొరక్క ఇంట్లో పాత పోపులపెట్టె తీసుకున్నాడు. ఆవాల గిన్నెలో రిలే, మెంతుల గిన్నెలో ట్రాన్సిస్టర్, జీలకర్ర గిన్నెలో కాలం కొలిచే కెపాసిటర్ చక్కగా అమిరాయి. సోమవారం సభలో స్విచ్ వేస్తే నాలుగు సెకన్లు నిశ్శబ్దం, తరవాత టక్, ఆపైన కమిషనర్ గారి కంఠం. కమిషనర్ గారు ఆ నిశ్శబ్దంలో జనం తనవైపే చూడటం గమనించారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన్ని జనం అంత శ్రద్ధగా చూడలేదు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. పురపాలక సంఘం పరిధిలో ఏ మైకూ ఇకమీదట రిలే లేకుండా పలకరాదు. వ్యాఘ్రేశ్వరుడు నిశ్శబ్ద నోడల్ అధికారి. ఆయన గది తలుపుకు ఇత్తడి పలక బిగించారు. ఆయన పొంగిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా సెలవు చీటీలూ తుపాను సెలవులూ చూసుకుంటున్న మనిషిని ఒక్కసారి అందరూ "సార్ మీ రిలే అద్భుతం" అంటుంటే ఎవరు మాత్రం పొంగిపోరు.

ఉత్తర్వుపై అభిప్రాయాల కోసం అన్ని శాఖలకూ ఫైలు వెళ్ళింది. ఏ శాఖా అభిప్రాయం లేకుండా ఫైలు తిప్పి పంపదు కదా.

"కర్ణభేరికి విశ్రాంతి ఆవశ్యకం. నాలుగు సెకన్లు చాలవు," అని ఆరోగ్యాధికారి రాశారు.

"ఇల్లు కట్టాలంటే రోడ్డు నుంచి కొంత ఖాళీ వదలమంటాం. మాటకు మాత్రం ముందు ఖాళీ వదలనక్కర్లేదా?" అని పట్టణ ప్రణాళికాధికారి అడిగారు.

న్యాయ సలహాదారు "సముచిత వ్యవధి" అన్నారు. ఎంతయ్యా సముచితమంటే, ఇప్పుడున్నదానికి రెట్టింపన్నారు. అకౌంట్స్ ఆయన అందరికన్నా తెలివైనవాడు. "ఆడిట్‌లో ఎందుకు తక్కువ పెట్టారని అడుగుతారే గానీ ఎందుకు ఎక్కువ పెట్టారని ఎవరూ అడగరు సార్" అన్నాడు.

ఒక్కొక్క అభిప్రాయం వచ్చినప్పుడల్లా వ్యాఘ్రేశ్వరుడు చిన్న కెపాసిటర్ తీసి పెద్దది వేశాడు. కెపాసిటర్ ఎంత పెద్దదైతే నిశ్శబ్దం అంత సాగుతుంది. చివరికది బత్తాయి కాయంతై జీలకర్ర గిన్నెలో పట్టక, గిన్నె తీసేయాల్సి వచ్చింది.

"ఏమండీ, సర్క్యూట్ కుదురుకోడానికి మూడు సెకన్లు చాలన్నారుగా మొన్న," అంది హైమవతి చూసి.

"సర్క్యూట్‌కి చాలు. శాఖలు కుదురుకోవద్దూ?"

"అవి కుదురుకునేసరికి మనం రిటైరవుతాం," అని ఆవిడ జవాబు పత్రాల్లోకి వెళ్ళిపోయింది.

తరవాత హోదాల ప్రశ్న వచ్చింది. కమిషనర్ గారి మాటకూ కౌన్సిలర్ మాటకూ ఒకే వ్యవధి ఉండటం మర్యాద కాదని ఎవరో అన్నారు. కమిషనర్ గారికి పాత నాలుగు సెకన్లే ఉంచారు. ఆయన ఎప్పుడూ కుదురుగానే ఉంటారని ఫైల్లో రాశారు. కౌన్సిలర్లకు అర నిమిషం. సామాన్య ప్రజలు ఆవేశపరులు కనుక నాలుగు నిమిషాలు. ఒక మనిషి కుదురుకుంటే పక్కమనిషి కుదురుకున్నట్టు కాదు కనుక, మనిషి మారినప్పుడల్లా వీర్రాజు ప్రీయాంప్ ఆపి మళ్ళీ వేయాలి. మైకులో రాని మాట సభలో రానట్టే లెక్క.

ఇన్ని జాగ్రత్తల తరవాత కూడా పొరపాటున మళ్ళీ ధబ్బుమంటే ఎలా అన్న సందేహం కమిషనర్ గారికి ఎక్కడో మిగిలి ఉంది. బూటు ఫోటోను ఆయన మరచిపోలేదు. అందుకని అత్యవసర విధానం ఒకటి రాయించారు. ధబ్ సంభవించిన తక్షణం అధికారులందరూ వెనక ద్వారం గుండా ఉద్యానవనంలోకి చేరుకోవాలి. ప్రమాదం తొలగినదని నోడల్ అధికారి ధ్రువీకరించేదాకా లోపలికి రాకూడదు. నోడల్ అధికారి మాత్రం స్థలం విడిచిపెట్టరాదు. అప్పుడు సభ జరుగుతూ ఉంటే? మిగిలినవారిలో పెద్ద హోదా కలవారే సభను నడుపుతారని న్యాయ సలహాదారు పాత నిబంధనల్లోంచి ఒక ముక్క తీసి అతికించారు. నెలకోసారి అభ్యాసం కూడా జరిగింది. విజిల్ వేయగానే అధికారులు ఉద్యానవనంలోకి పరుగెత్తడం చూసి, అక్కడ పల్లీలు అమ్ముకునే ముసలాయన ఆ రోజున ఒక గంప ఎక్కువ తెచ్చుకునేవాడు.

అంతవరకూ ఇదంతా వినోదంగానే ఉంది. అప్పుడొచ్చింది చేపల మార్కెట్ సంగతి.

రేవు పక్కన చేపల మార్కెట్ తాతల నాటిది. పడవలు ఒడ్డుకు చేరాయంటే గంప నెత్తికెత్తుకుని పది అడుగులు వేస్తే మార్కెట్. దాన్ని పడగొట్టి అక్కడ సముద్ర వీక్షణ ప్రాంగణం కట్టాలనీ, మార్కెట్‌ను హైవే మీద కంకర మిల్లు అవతలికి మార్చాలనీ పురపాలక సంఘం సంకల్పించింది. ప్రాంగణంలో జనం నిలబడి సముద్రాన్ని చూస్తారు. ఇప్పుడు కూడా చూస్తున్నారు కదా అంటే, ఇప్పుడు ప్రణాళిక లేకుండా చూస్తున్నారని ప్రణాళికాధికారి చెప్పారు. నిబంధన ప్రకారం ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. మాట్లాడదలచినవారు పేర్లు నోడల్ అధికారికి ఇవ్వాలి.

మొదట వచ్చింది ఓలేటి నూకాలు. చేపల మార్కెట్ సంఘానికి పెద్ద. నుదుట పెద్ద బొట్టు, నడుముకు దోపుకున్న కొంగు. వ్యాఘ్రేశ్వరుడి బల్ల ముందు నిలబడితే ఆ గదికి కిటికీ అక్కర్లేదనిపించింది. సముద్రం గాలి ఆవిడతోనే వచ్చింది.

"నా పేరు రాసుకో బాబూ. ఏటి మాటాడాలో నాకు తెల్సు. ఎంతసేపు మాటాడాలో నువ్వు సెప్పు."

"ఒక్కొక్కరికి మూడు నిమిషాలమ్మా. ముందు నాలుగు నిమిషాలు మైకు మూగగా ఉంటుంది. సర్దుకోవాలి."

నూకాలు వేళ్ళు మడిచి లెక్కేసింది. "మూడు నిమిసాలు ఇచ్చి నాలుగు నిమిసాలు నోరు నొక్కుతారా?"

 ఈ లెక్క వ్యాఘ్రేశ్వరుడికి అంతదాకా తట్టలేదు. వ్యవధి ఆయన సెక్షన్‌లో తేలింది. మాట్లాడే సమయం వేరే సెక్షన్‌లో తేలింది.

"సర్దుకోడం మీ మిసిన్‌కి. నాను సర్దుకునే ఉన్నాను బాబూ," అంది నూకాలు. "మా అత్త సచ్చిపోయిన కాడి నుంచీ ఆ గట్టు మీదే కూకుంటన్నాను. మిల్లు కాడికి పొమ్మంటే సేపలు ఎవులు కొంటారు, లారీవోళ్ళా? సీకటితో ఆటో కట్టుకుని పోతే, తిరిగొచ్చేసరికి మాకేటి మిగులుద్ది?"

ఆవిడ వెళ్ళాక ఆయన కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళాడు.

"చిన్న ఇబ్బందండి. నిశ్శబ్దం నాలుగు నిమిషాలు, మాట మూడు నిమిషాలు. అంటే ప్రజల మాట ఒక్కటీ వినబడదండి."

కమిషనర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వ్యాఘ్రేశ్వరుడూ, అవి రెండూ వేర్వేరు ఫైళ్ళయ్యా."

"కానీ సభ ఒకటే కదండి."

"ఫైళ్ళను కలపడానికి ఒక ఫైలు కావాలి. అది కదిలేసరికి ప్రాంగణం ప్రారంభోత్సవం కూడా అయిపోతుంది. మీరు మీ పరికరాన్ని చూసుకోండి. అది లోపరహితంగా పనిచేయడమే ఈ సేకరణ విజయం."

సేకరణ నాడు సభాభవనం నిండిపోయింది. వేదిక మీద కమిషనర్ గారు, నలుగురు శాఖాధిపతులు. ఆ వరసలో చివర, పోపులపెట్టె ముందు పెట్టుకుని వ్యాఘ్రేశ్వరుడు. కమిషనర్ గారు నాలుగు సెకన్లు కుదురుకుని, ప్రజల వాణి వినడమే తమ పరమావధి అని అరగంట చెప్పారు.

మొదటి వక్త వలలు అల్లే ముసలాయన. వీర్రాజు ప్రీయాంప్ ఆపి, మళ్ళీ వేశాడు. ముసలాయన పెదవులు కదిలాయి. చేతులతో పడవ చూపించాడు, గట్టు చూపించాడు, నెత్తి మీద గంప చూపించాడు. మూడు నిమిషాలు కాగానే గంట మోగింది. గుమస్తా "అభ్యంతరం వినబడలేదు" అని రాసుకున్నాడు.

రెండో వక్త చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంటూ మాట్లాడిన ఒక విధవరాలు, కాకర్ల సత్తెమ్మ. పెద్దకొడుకు పడవతో పోయాడనీ, ఇద్దరు మనవలు తన గంప మీదే బతుకుతున్నారనీ ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమె అదే చెబుతోందని మొహం చూస్తే తెలుస్తోంది. గంట మోగింది. ఆమె కళ్ళు తుడుచుకుని మెట్లు దిగి తన చోటికి వెళ్ళాక, పోపులపెట్టెలో టక్కుమంది. అప్పుడు స్పీకర్లు ఖాళీ మైకు దగ్గర ఫ్యాను తిరుగుతున్న చప్పుడును స్పష్టంగా, తియ్యగా, ఏ గరగరా లేకుండా వినిపించాయి.

"శబ్ద నాణ్యత ప్రశంసనీయం," అన్నారు కమిషనర్ గారు పక్కకు వంగి.

వ్యాఘ్రేశ్వరుడు ఆ టక్‌ను ఎంతో ఇష్టపడి తయారుచేసుకున్నాడు. ఇంట్లో ఆ టక్ అయ్యాక సన్నాయి వచ్చేది. ఇక్కడ అది అయ్యాక ఏమీ రావడం లేదు.   

మూడో పేరు నూకాలుది. ఆవిడ మైకు దగ్గరికి వచ్చి, దాన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, పక్కకు తోసి, గొంతెత్తింది. "అయ్యలారా, మా మార్కెట్టు," అనేసరికి భవనం వెనక వరస దాకా వినబడింది.

కమిషనర్ గారు చెయ్యెత్తారు. "ఏమని నమోదు చేయాలి?" అని అడిగాడు గుమస్తా. "శబ్దం వినిపించింది, అభిప్రాయం వినిపించలేదు అని రాయండి," అన్నారు కమిషనర్ గారు. "అమ్మా, మైకు ముందుకు రండి. మీ సమయం మళ్ళీ మొదటి నుంచి లెక్కిస్తాం. ఇంతకన్న ఔదార్యం ఎవరూ చూపరు."

వీర్రాజు ప్రీయాంప్ ఆపాడు. మళ్ళీ వేయడానికి చెయ్యి చాపాడు. ఆ మధ్యలో వ్యాఘ్రేశ్వరుడు పోపులపెట్టె మూత తీశాడు. ఆవాల గిన్నెలోంచి ఎర్రటి తీగ ఒకటి భూమికి పోతుంది. శబ్దాన్నంతా మింగేది ఆ తీగే. దాన్ని తెంపితే ఏం వినబడుతుందో, అంతకన్నా ముందు ఏం వినబడుతుందో ఈ ఊళ్ళో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. జేబులోంచి కత్తెర తీశాడు. ఇత్తడి పలక గుర్తొచ్చింది. సత్తెమ్మ వంక చూశాడు. ఆమె ఇంకా కళ్ళు తుడుచుకుంటోంది. తీగ తెంపేశాడు.

వీర్రాజు స్విచ్ వేశాడు. ధబ్బుమంది.

మొదటి ధబ్ దీని ముందు చిటిక లాంటిది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. అధికారులు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని లేకుండానే నెలనెలా అభ్యాసం చేయించారు కదా. కమిషనర్ గారు ముందు, శాఖాధిపతులు హోదా ప్రకారం వెనక, గుమస్తా చివర, అందరూ వెనక ద్వారం గుండా ఉద్యానవనంలోకి చేరుకున్నారు. పల్లీల ముసలాయన ఇవాళ అభ్యాసం లేదనుకుని తక్కువ తెచ్చుకున్నందుకు చాలా బాధపడ్డాడు.

వేదిక మీద వ్యాఘ్రేశ్వరుడొక్కడే మిగిలాడు.  స్థలం విడవకూడదని ఉత్తర్వు. ఆయన మెల్లగా లేచి, కమిషనర్ గారి కుర్చీ దాకా నడిచి, అంచు మీద కూర్చున్నాడు.

"నూకాలమ్మా, చెప్పు. వినబడుతుంది," అన్నాడు.

నూకాలు చెప్పింది. ఈసారి అరవలేదు. మైకులో అరవక్కర్లేదని ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఏ చేప ఎంతసేపు నిలవుంటుందో, ఎండలో మిల్లు దాకా మోస్తే ఏమవుతుందో చెప్పింది. తుపాను వచ్చిన రాత్రి పడవలు తిరిగి రాకపోతే ఆడవాళ్ళంతా ఆ మార్కెట్ గట్టు మీదే కూర్చుని సముద్రాన్ని చూస్తారని చెప్పింది. "సముద్రాన్ని సూడ్డానికి కొత్తగా పాంగనం కడతామంటన్నారు. మేం సూసినట్టు ఎవులు సూస్తారు బాబూ," అని ఆగింది. 

తరవాత వ్యాఘ్రేశ్వరుడు వలల ముసలాయన్ని మళ్ళీ పిలిచాడు. సత్తెమ్మను మళ్ళీ పిలిచాడు. ముందుగా పేరు ఇవ్వని వాళ్ళను కూడా పేర్లు అడిగి పిలిచాడు. వెనక తలుపు సందులోంచి కమిషనర్ గారి గొంతు రెండుసార్లు వినిపించింది. "నోడల్ అధికారీ, ధ్రువీకరిస్తారా?"

"ఇంకా సర్దుకుంటోందండి," అన్నాడు వ్యాఘ్రేశ్వరుడు.

పొద్దువాలేదాకా సర్దుకుంటూనే ఉంది. ప్రజలు ఏకగ్రీవంగా మార్కెట్ ఉన్నచోటే ఉండాలని కోరినట్టూ, దానికి విరుద్ధంగా ఒక్క అభిప్రాయమూ మైకులో రానట్టూ ఆయన నివేదిక రాసి, సభాధ్యక్షుడి హోదాలో సంతకం చేసి, కలెక్టర్ కార్యాలయానికి పంపించాడు. అప్పుడు తలుపు తెరిచి, ప్రమాదం తొలగిందని ధ్రువీకరించాడు.

కమిషనర్ గారు ఆ నివేదికను కొట్టేయించాలని వారం రోజులు ఆలోచించారు. కొట్టేయాలంటే సభ తాము లేకుండా జరిగిందని రాయాలి. తాము ఎందుకు లేరో రాయాలి. ఉద్యానవనంలో మధ్యాహ్నమంతా ఏం చేశారో రాయాలి. పక్కన పల్లీ తొక్కల ప్రస్తావన వచ్చే ప్రమాదం కూడా ఉందని న్యాయ సలహాదారు సూచించారు. చివరికి "సభ అత్యంత క్రమశిక్షణతో జరిగినది" అని రాసి కమిషనర్ గారు దాని మీద సంతకం చేశారు. ప్రాంగణాన్ని ఎవరికీ అడ్డులేని చోట, కంకర మిల్లు అవతల కట్టించారు. అక్కడి నుంచి సముద్రం కనబడదు. కనుక ప్రారంభోత్సవంలో ఒక పెద్ద సముద్రం బొమ్మ పెట్టారు.

వ్యాఘ్రేశ్వరుడి తలుపు మీది ఇత్తడి పలక ఊడదీశారు. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా ఆయన్ని చేపల మార్కెట్ పర్యవేక్షకుడిగా బదిలీ చేశారు. ఉల్లిపాయ కూడా తినని మనిషికి అంతకు మించిన శిక్ష వాళ్ళకు తోచలేదు.

"పెరట్లోనే స్నానం చేసి లోపలికి రండి," అంది హైమవతి ఉత్తర్వు చదివి. తరవాత కాస్సేపటికి, "మంచి పనే చేశారు లెండి," అంది. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ ఆయనకు పూర్తి మార్కులు వేయడం అదే మొదలు.

మొదటి రోజున ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుని మార్కెట్‌కి వెళ్ళాడు. వంజరాలు, చందువాలు, రొయ్యలు, గంపల మీద గంపలు. అమ్మేవాళ్ళు అరుస్తున్నారు, కొనేవాళ్ళు అరుస్తున్నారు, కాకులు అరుస్తున్నాయి. ఏ మాటకూ ముందు అర సెకను ఖాళీ లేదు. నూకాలు గాలి వచ్చే వైపున స్టూలు వేసి ఆయన్ని కూర్చోబెట్టింది. పర్యవేక్షకుడు కనుక ఏదో ఒకటి చెప్పాలని ఆయన లేచి, దారికి అడ్డంగా గంపలు పెట్టవద్దని చెప్పాడు. ఎవరూ తిరిగి చూడలేదు. ఇంకోసారి చెప్పాడు. ఒక కాకి చూసింది.

మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక నూకాలు ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చి నిలబడింది.

"బాబూ, మా మార్కెట్టుకో మైకు కావాల. నువ్వే సేసి పెట్టాల."

వ్యాఘ్రేశ్వరుడు ఆశ్చర్యపోయాడు. "మీకు మైకెందుకమ్మా?"

"మాకెందుకు బాబూ," అంది నూకాలు. "నీకే. పొద్దుట్నుంచీ నువ్వేటో అంటన్నావు, ఒక్క ముక్క ఇనబడ్డంలేదు."